పిల్లి రక్కిన తర్వాత వచ్చే జబ్బు: కుర్రకారులో కనిపించే అరుదైన రూపాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

భావనపాడు, కళింగపట్నం తీరంలో చేపలు ఎండబెట్టే చోట పిల్లులు తిరుగుతూనే ఉంటాయి. పల్లెల్లో ధాన్యం బస్తాల దగ్గర ఎలకలు చేరకుండా పిల్లిని ఉంచుకుంటారు. శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో హాస్టల్ పిల్లలు కూడా వీధిలో దొరికిన పిల్లికూనని గదికి తెచ్చుకుంటున్నారు. ఇన్ని పిల్లులున్న చోట అవి రక్కడం మామూలే. ఆ గీత రెండు రోజుల్లో మానుతుంది, అందరూ మరిచిపోతారు. మూడు వారాల తర్వాత జ్వరమో, ఫిట్సో, కంటి మసకో వస్తే ఆ గీతకీ దీనికీ సంబంధం ఉండొచ్చని ఎవరికీ తట్టదు. డాక్టర్ అడగరు, ఇంట్లోవాళ్ళు చెప్పరు. చెప్పాల్సిన ఆ ఒక్క ముక్క చెప్పించడం కోసమే ఈ పేజీ. అందుకే మామూలు రూపం గురించి తక్కువ, అరుదైన వాటి గురించి ఎక్కువ రాశాను.

అసలు ఇదేం జబ్బు? పిల్లి గోళ్ళలో విషం ఉంటుందా?

విషం కాదు, బ్యాక్టీరియా. దాని పేరు బార్టొనెల్లా హెన్‌సెలే. పిల్లి బొచ్చులో గెంతుతూ తిరిగే ఫ్లీ అనే చిన్న నల్ల పురుగు దీన్ని ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి మోస్తుంది. ఫ్లీ విసర్జించిన మలం పిల్లి గోళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది. పిల్లి రక్కినప్పుడు గోటితో పాటు అదీ మన చర్మంలోకి దిగుతుంది. కరిచినా రావచ్చు. చర్మం మీద పుండు ఉన్నప్పుడు పిల్లి నాకితే కూడా రావచ్చు. ఏడాది లోపు కూనల రక్తంలో ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుంది, పైగా అవే ఆటలో ఎక్కువ రక్కుతాయి. అలాంటి కూనకి ఏ జబ్బూ ఉన్నట్టు కనబడదు. పాలు తాగుతుంది, గెంతుతుంది, హుషారుగానే ఉంటుంది.

ఫ్లీలకు వేడి, తేమ రెండూ ఇష్టం. మన తీరం వాతావరణం వాటికి ఏడాదంతా అనుకూలమే.

1950లో ఫ్రాన్స్‌లో రొబేర్ దెబ్రే అనే పిల్లల వైద్యుడు ఈ జబ్బుని ఒక ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించారు. కారణమైన బ్యాక్టీరియా ఏదో తేలింది మాత్రం 1990ల మొదట్లోనే.

మామూలుగా ఎలా మొదలవుతుంది?

రక్కిన చోట మూడు నుంచి పది రోజుల్లో చిన్న ఎర్రటి పొక్కు వస్తుంది. దోమ కుట్టిందని వదిలేస్తాం. ఆ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో దగ్గర్లోని గ్రంథి ఉబ్బుతుంది. మన మాటల్లో బిళ్ళ కడుతుంది. చేతి మీద రక్కితే చంకలోనో మోచేతి లోపలి పక్కనో, కాలి మీదైతే గజ్జలో, ముఖం మీదైతే మెడలోనో దవడ కిందో. ముట్టుకుంటే నొప్పి ఉంటుంది. కొందరికి కొద్దిగా జ్వరం, నీరసం, తలనొప్పి ఉంటాయి. చాలామందికి రెండు నుంచి నాలుగు నెలల్లో ఆ బిళ్ళ దానంతటదే కరిగిపోతుంది. పదిమందిలో ఒకరికి మెత్తబడి చీము పడుతుంది.

ఇది ఎక్కువగా పిల్లల్లో, ఇరవై ఒకటి దాటని కుర్రకారులో కనిపిస్తుంది. కూనలతో ఆడేది వాళ్ళే కదా.

మా గుంటడికి మూడు వారాలుగా జ్వరం. బిళ్ళ ఎక్కడా లేదు. మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్ ఏదీ కాదంటున్నారు. ఇదే అయ్యుండొచ్చా?

అయ్యుండొచ్చు. పైకి బిళ్ళ కనబడకుండా లోపల కాలేయం, ప్లీహంలో ఈ జబ్బు కూర్చునే రూపం ఒకటుంది. జ్వరం వారాల తరబడి వచ్చి పోతుంటుంది, సాయంత్రాలు చలి పెడుతుంది. కొందరికి బొడ్డు పైభాగంలోనో పక్క డొక్కలోనో నొప్పి. ఆకలి ఉండదు, బరువు తగ్గుతారు. రక్తపరీక్షలో ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్, సీఆర్పీ పెరిగి ఉంటాయి కానీ కాలేయం పరీక్షలు నార్మల్‌గానే రావచ్చు. దాంతో "లివర్ బాగానే ఉంది" అని స్కానింగ్ దాకా వెళ్ళరు. ఇక్కడే ఆలస్యం జరుగుతుంది.

కడుపు అల్ట్రాసౌండ్ తీస్తే కాలేయంలో, ప్లీహంలో చిన్నచిన్న నల్లటి మచ్చలు చెదురుగా కనిపిస్తాయి. కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దాకా ఉంటాయి. రిపోర్టులో "మల్టిపుల్ హైపోఎకోయిక్ లీజన్స్" అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. క్యాన్సర్, టీబీ, ఫంగస్ గడ్డలు కూడా ఇలా కనిపించగలవు కాబట్టి డాక్టర్లు అవన్నీ చూడాల్సిందే. ఆ జాబితాలో పిల్లి జబ్బు కూడా ఉండాలన్నదే నేను చెప్పేది. ఇంట్లో కూన ఉన్న కుర్రాడికి ప్లీహంలో మచ్చలుంటే, సూది గుచ్చే ముందు ఒక రక్తపరీక్షతోనే సంగతి తేలిపోవచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన దగ్గర జ్వరం అనగానే వైడాల్ పరీక్ష చేయిస్తారు, అందులో కాస్త పాజిటివ్ కనబడితే టైఫాయిడ్ అని సెలైన్లు మొదలుపెడతారు. వైడాల్ ఒక్కదాన్ని నమ్మి టైఫాయిడ్ అని తేల్చకూడదు. పాత టీకా వల్లా, పాత జ్వరం వల్లా, వేరే జబ్బుల్లో కూడా అది పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్ మందు వారం వాడినా జ్వరం దిగకపోతే "ఇంకో రకం ఇంజెక్షన్ వేయండి" అనకండి, "ఇది టైఫాయిడేనా?" అని అడగండి.

ఒక కన్ను ఎర్రబడింది, అదే పక్క చెవి ముందు బిళ్ళ కట్టింది. కండ్లకలకేనా?

కండ్లకలక సాధారణంగా రెండు కళ్ళకీ పాకుతుంది, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఒక్క కంటికే ఎరుపు ఉండి, రెప్ప లోపలి పక్క చిన్న గింజలాంటి బుడిపె కనబడి, చెవి ముందు నొక్కితే నొప్పిగా బిళ్ళ తగిలితే పిల్లి జబ్బు గురించి ఆలోచించాలి. దీన్ని 1889లోనే పారినో అనే ఫ్రెంచ్ కంటి వైద్యుడు వర్ణించారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. పిల్లిని నిమిరిన చేత్తో కన్ను నలుపుకోవడం, ముఖానికి ముఖం ఆనించి ముద్దుచేయడం వల్ల వస్తుంది. చూపుకి దాదాపు ముప్పు ఉండదు, వారాల్లో తగ్గిపోతుంది. మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు అడిగి కొనకండి. కంటి డాక్టర్ చూడకుండా ఆ చుక్కలు వేసుకుంటే వేరే ఇన్ఫెక్షన్లు ముదిరే ప్రమాదం ఉంది.

పొద్దున్నే లేచేసరికి ఒక కంటికి మధ్యలో మసకగా ఉంది. నొప్పి లేదు. దీనికీ పిల్లికీ సంబంధమా?

ఉండొచ్చు. ఈ పేజీలో అన్నిటికన్నా త్వరగా కదలాల్సింది దీనికే. కంటి వెనక నరం మొదలు వాచి, ఆ వాపు నీరు రెటీనా మధ్యభాగంలోకి ఊరుతుంది. దీన్ని న్యూరోరెటినైటిస్ అంటారు. ఎక్కువగా ఒక కంటికే వస్తుంది. నొప్పి ఉండదు, పైకి కన్ను ఎర్రగా కూడా ఉండదు. అద్దంలో చూసుకుంటే కన్ను శుభ్రంగా కనిపిస్తుంది. రెండో కన్ను బాగా పనిచేస్తుంది కాబట్టి చాలామంది కుర్రాళ్ళకు మసక వచ్చిన సంగతే వెంటనే తెలియదు. ఫోన్ ఎక్కువ చూశాననో, నిద్ర చాల్లేదనో అనుకుంటారు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. గోడ మీది క్యాలెండర్‌కి పది అడుగుల దూరంలో నిలబడండి. అద్దాలు వాడేవాళ్ళయితే పెట్టుకోండి. అరచేత్తో కుడికన్ను మూసి, నొక్కకుండా, ఎడమకంటితో తేదీ అంకె చూడండి. తర్వాత మార్చండి. ఒక కంటికి అంకె మధ్యలో చెరిపేసినట్టు ఉన్నా, ఆదివారాల ఎరుపు ఒక కంటికి నిండుగా, ఇంకో కంటికి వెలిసిపోయినట్టు కనిపించినా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కళ్ళజోడు షాపులో నంబరు చూపించుకుని వచ్చేయడం చాలదు. కంట్లో చుక్కలు వేసి, కంటిపాపని పెద్దది చేసి, వెనక భాగం చూడాలి. జిల్లా కేంద్రంలో కుదరకపోతే విశాఖలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్ళొచ్చు.

మొదటిసారి చూసినప్పుడు నరం వాపు ఒక్కటే కనబడొచ్చు. రెటీనా మధ్యలో నక్షత్రం ఆకారంలో తెల్లటి గీతలు పరుచుకోవడం ఈ జబ్బు గుర్తు, కానీ అది ఒకటి రెండు వారాలు ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే "మళ్ళీ వారంలో రండి" అని డాక్టర్ అంటే తప్పకుండా వెళ్ళాలి. నరం వాపుకి మెదడు ఒత్తిడి పెరగడం, బీపీ బాగా పెరగడం లాంటి కారణాలూ ఉంటాయి కాబట్టి బీపీ చూస్తారు, ఎంఆర్ఐ అడగొచ్చు. చాలామందికి కొన్ని వారాల నుంచి నెలల్లో చూపు బాగా తిరిగి వస్తుంది. కొందరికి రంగులు కాస్త వెలిసినట్టు ఉండటం మిగిలిపోతుంది.

మా మేనకోడలికి ఎప్పుడూ లేనిది ఒక్కసారిగా ఫిట్స్ వచ్చింది. జ్వరం కూడా పెద్దగా లేదు. గాలి సోకిందంటున్నారు.

ముందు అమ్మాయిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా గానీ గుడ్డ గానీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోయినా, మొదటిసారి వచ్చినా 108కి ఫోన్ చేయండి. మంత్రం వేయించాలనుకుంటే తర్వాత వేయించుకోవచ్చు, ముందు ఆసుపత్రి.

పిల్లి జబ్బు మెదడుని తాకితే ఇలాగే వస్తుంది. బిళ్ళ కట్టిన ఒకటి నుంచి ఆరు వారాల తర్వాత, అప్పటిదాకా బాగానే ఉన్న పిల్లకి ఒక్కసారిగా ఫిట్స్ వస్తాయి. కొందరికి ఫిట్స్ వెంటవెంటనే వస్తాయి. తర్వాత మత్తుగా పడుకోవడం, మనిషిని గుర్తుపట్టకపోవడం, తిట్టడం, కొట్టడం కూడా ఉంటాయి. గాలి సోకిందనే అనుమానం వచ్చేది ఈ ప్రవర్తన చూసే. తల స్కానింగ్ చాలాసార్లు నార్మల్‌గానే ఉంటుంది. వెన్నులోంచి తీసిన నీటిలో కూడా పెద్ద తేడా కనబడకపోవచ్చు.

డాక్టర్లు ముందుగా మెదడువాపు, మెనింజైటిస్, ఏజెన్సీ వైపు నుంచి వచ్చినవాళ్ళయితే మెదడుకెక్కే మలేరియా చూస్తారు. అదే సరైన పద్ధతి, వాటికి గంటలే ముఖ్యం. ఆ పరీక్షలు జరుగుతుండగానే "నెల కిందట చంకలో బిళ్ళ కట్టింది, ఇంట్లో పిల్లికూన ఉంది" అని ఒక మాట చెప్పండి. చూసేవాళ్ళకి ఎంత భయంకరంగా అనిపించినా ఈ రూపంలో ఎక్కువమంది పిల్లలు రోజుల నుంచి వారాల్లో పూర్తిగా కోలుకుంటారు. ఐసీయూ తలుపు బయట కూర్చున్న తల్లికి ఈ మాట ఎంత అవసరమో నాకు తెలుసు.

ఎముకలకి, చర్మానికి, గుండెకి కూడా వస్తుందా?

వస్తుంది, చాలా తక్కువగా. ఎముకల్లో వెన్నుపూస, తుంటి దగ్గర ఎక్కువ. జ్వరంతో పాటు రాత్రిళ్ళు కూడా తగ్గని వెన్నునొప్పి ఉన్న కుర్రాడికి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా ఎంఆర్ఐలో తెలుస్తుంది. చర్మం మీదైతే మోకాలి కింద ముందుభాగంలో ఎర్రటి గడ్డలు వస్తాయి, ముట్టుకుంటే నొప్పి. అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. డెంగ్యూ సీజన్లో దీన్ని గుర్తుపట్టడం ఇంకా కష్టం.

గుండె విషయం కొంచెం వివరంగా చెప్పాలి. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండె వాల్వు దెబ్బతిన్నవాళ్ళు, వాల్వు మార్పించుకున్నవాళ్ళు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి ఈ బ్యాక్టీరియా రక్తంలో చేరితే ఆ వాల్వు మీద కూర్చోగలదు. మామూలు బ్లడ్ కల్చర్‌లో ఇది పెరగదు. అందుకే రిపోర్టు "నో గ్రోత్" అని వస్తుంది. వాల్వు జబ్బు ఉన్న మనిషికి వారాలుగా సన్నజ్వరం, ఆయాసం, బరువు తగ్గడం ఉంటే గుండె డాక్టర్‌కి పిల్లి సంగతి చెప్పి తీరాలి. ఇది దానంతటదే తగ్గేది కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

మెడలో బిళ్ళకి సూది పరీక్ష చేసి "గ్రాన్యులోమా ఉంది, టీబీ" అన్నారు. ఆరు నెలల కోర్సు అంటున్నారు. టీబీ కాకపోతే?

ఈ ప్రశ్న చాలామంది ఇళ్ళలో నలుగుతోంది, కాస్త వివరంగా చెబుతాను.

మన దేశంలో మెడలో బిళ్ళ అంటే టీబీ అనుకోవడంలో తప్పు లేదు. టీబీ అంత ఎక్కువ. కానీ గ్రాన్యులోమా అంటే శరీరం ఒక మొండి క్రిమి చుట్టూ కణాలతో కట్టుకున్న కోట మాత్రమే. టీబీలో కడుతుంది, పిల్లి జబ్బులోనూ కడుతుంది. పిల్లి జబ్బులో ఆ కోట మధ్యలో నక్షత్రాకారంలో చీముకణాలు ఉంటాయి. అది చూసి అనుభవమున్న ప్యాథాలజీ డాక్టర్ అనుమానించగలరు. అయితే సన్నటి సూదితో తీసిన కాస్త ముక్కలో అంత స్పష్టంగా దొరక్కపోవచ్చు.

అందుకని అదే సూదితో తీసిన పదార్థాన్ని సీబీనాట్ పరీక్షకు కూడా పంపమని అడగండి. టీబీ క్రిమి జన్యువు ఉందో లేదో అది చెబుతుంది, ప్రభుత్వ టీబీ కార్యక్రమంలో ఉచితం. పాజిటివ్ వస్తే టీబీయే, ఆలోచించకుండా మందులు మొదలుపెట్టండి. నెగటివ్ వస్తే టీబీ లేదని పూర్తిగా తేలినట్టు కాదు, గ్రంథుల టీబీలో కొన్నిసార్లు దొరకదు. అప్పుడు మిగతావి కలిపి చూడాలి. ఇంట్లో టీబీ మనిషి ఉన్నారా? బిళ్ళ నెలల తరబడి నొప్పి లేకుండా మెల్లగా పెరిగిందా, లేక రెండు వారాల్లో నొప్పితో గబగబా పెరిగిందా? చేతి మీద మానిన గీత ఉందా? పిల్లి ఉందా?

ఇందులో ఒక చిక్కు ఉంది. టీబీ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ పిల్లి జబ్బు బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది. పైగా పిల్లి జబ్బు బిళ్ళ మందు లేకపోయినా నెలల్లో తగ్గుతుంది. కాబట్టి "టీబీ మందులు వాడితే తగ్గింది, అంటే టీబీయే" అన్న లెక్క ఎప్పుడూ నిజం కాదు.

ఇది చదివి ఇప్పటికే వాడుతున్న టీబీ మందులు మాత్రం ఆపేయకండి. మధ్యలో ఆపితే టీబీ మొండికేస్తుంది, మందులకు లొంగకుండా పోతుంది. అనుమానం ఉంటే మందులు వాడుతూనే డాక్టర్‌ని అడగండి.

మన వైపు బోదకాలు, స్క్రబ్ టైఫస్ కూడా ఉన్నాయి కదా. తేడా ఎలా తెలుస్తుంది?

గజ్జలో బిళ్ళ, జ్వరం, కాలు మీద ఎర్రటి చార కిందికి పాకడం, తర్వాత పాదం వాపు, ఇవి బోదకాలు వైపు చూపిస్తాయి. దానికి రాత్రిపూట రక్తం తీసి చూస్తారు. స్క్రబ్ టైఫస్‌లో జ్వరం తీవ్రంగా ఉంటుంది. శరీరం మీద ఎక్కడో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన పుండు ఉండొచ్చు. చంక, గజ్జ, నడుం దగ్గర బట్టల మడతల కింద వెతకాలి. అది గుర్తించకపోతే ప్రమాదం, ఆలస్యం చేయొద్దు. ఇక బిళ్ళ రాయిలా గట్టిగా ఉన్నా, మెడ కింద అడ్డంగా ఉండే ఎముక (కాలర్ బోన్) పైన గుంటలో ఉన్నా, రాత్రి చెమటలకి పక్క తడిసిపోతున్నా, ఆరు వారాలైనా తగ్గుముఖం పట్టకపోయినా ముక్క తీసి పరీక్ష చేయించాల్సిందే. పిల్లి రక్కిందన్న కారణంతో లింఫోమాని, అంటే గ్రంథుల క్యాన్సర్‌ని, వదిలేయకూడదు.

ఏ పరీక్షతో తేలుతుంది? ఎక్కడ చేస్తారు?

రక్తంలో బార్టొనెల్లా హెన్‌సెలే ఐజీజీ, ఐజీఎం పరీక్ష. ఇవి ఆ బ్యాక్టీరియా మీద మన ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలు. ఐజీజీ 1:256 దాటితే ఈమధ్య వచ్చిన ఇన్ఫెక్షన్‌కి గట్టి ఆధారం. 1:64 లోపు ఉంటే అవకాశం తక్కువ. ఈ రెంటి మధ్య వస్తే రెండు మూడు వారాలకు మళ్ళీ చూసి పెరిగిందేమో పోల్చాలి. మరీ తొందరగా చేస్తే నెగటివ్ రావచ్చు. బిళ్ళ నుంచి తీసిన ముక్క లేదా చీము ఉంటే బ్యాక్టీరియా జన్యువుని వెతికే పీసీఆర్ చేయించొచ్చు. సాధారణంగా శాంపిల్ బయటి పెద్ద ల్యాబుకి వెళ్తుంది, కాబట్టి రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుంది. కంటి మసక, ఫిట్స్ లాంటి వాటిలో రిపోర్టు కోసం వైద్యం ఆపరు.

మందులేంటి? ఇంజెక్షన్ వేయించేస్తే త్వరగా తగ్గదా?

బిళ్ళ ఒక్కటే ఉంటే చాలామందికి మందే అక్కర్లేదు. కొందరికి డాక్టర్లు ఐదు రోజుల అజిత్రోమైసిన్ ఇస్తారు, దాంతో మొదటి నెలలో బిళ్ళ కాస్త త్వరగా చిన్నదవుతుంది. కంటి నరం, మెదడు రూపాలకి డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి వారాల తరబడి వాడటం ఎక్కువగా అనుసరించే పద్ధతి. కాలేయం, ప్లీహం రూపానికి రిఫాంపిసిన్‌తో పాటు ఇంకో మందు జోడిస్తారు. ఎవరికెంత, ఎన్ని రోజులన్నది బరువు, వయసు చూసి డాక్టర్ చెప్పాలి. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దు. గర్భనిరోధక మాత్రల్ని అది పనిచేయనివ్వదు, ఆ మాత్రలు వాడే అమ్మాయిలు మొహమాటపడకుండా డాక్టర్‌కి చెప్పాలి.

ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర వేయించే "జ్వరం ఇంజెక్షన్"లో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు జ్వరం దిగి, అసలు జబ్బు మరుగున పడుతుంది. టీబీ, లింఫోమా రెండూ దాని చాటున దాక్కోగలవు.

గడ్డ మెత్తబడింది. కోసి చీము తీసేయమంటారా? ఆకు పసరు కట్టొచ్చా?

కత్తితో కోస్తే కొందరికి ఆ రంధ్రం మూసుకోక నెలల తరబడి కారుతూ ఉంటుంది. నొప్పి ఎక్కువగా ఉంటే లావు సూదితో చీము లాగేయడం మంచి పద్ధతి, అవసరమైతే రెండోసారీ లాగుతారు. లాగిన చీముని పారేయకుండా పరీక్షకు పంపించమనండి. పసరు, సున్నం, వేడి ఇటుక కాపడం వద్దు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చాలు.

పిల్లి రక్కితే కుక్కకాటు టీకా కూడా వేయించుకోవాలా?

వేయించుకోవాలి. ఈ పేజీ అంతా బార్టొనెల్లా గురించే అయినా ప్రాణం తీసేది రేబిస్. పిల్లికీ రేబిస్ వస్తుంది. రక్కిన వెంటనే పంపు కింద ధారగా నీళ్ళు వదిలి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీపొడి అద్దకూడదు. రక్తం రాని గీరుకైనా టీకా అవసరం. రక్తం వచ్చినా, కరిచినా గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. ప్రభుత్వాసుపత్రుల్లో టీకా చర్మం పొరలోనే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంటి పిల్లే అయినా టీకా మొదలుపెట్టి, పిల్లిని పది రోజులు గమనించాలి. పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసు సంగతి డాక్టర్ చెబుతారు. ధనుర్వాతం టీకా (టీటీ) వేసి ఎన్నాళ్ళైందో కూడా చెప్పండి.

మాది ఉద్దానం. నాన్నకి కిడ్నీ జబ్బు, డయాలసిస్ నడుస్తోంది. ఇంట్లో పిల్లి ఉండొచ్చా?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి ఈ ప్రశ్న రావడం సహజం. డయాలసిస్ రోగులు, కిడ్నీ మార్పిడి జరిగి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్ళు, క్యాన్సర్ కీమో తీసుకుంటున్నవాళ్ళు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే కొత్తగా కూనని తేవొద్దు. ఉన్న పిల్లి పెద్దదై, ఫ్లీలు లేకుండా ఉంటే ఉంచుకోవచ్చు, కానీ వాళ్ళు దానితో ఆడకూడదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళలో ఇది చర్మం మీద ఎర్రటి బుడిపెలుగా వస్తుంది, గీరితే రక్తం ఆగదు. దానికి నెలల తరబడి మందు వాడాలి.

ఉద్దానంలోని కుర్రాళ్ళకి ఇంకో జాగ్రత్త. బిళ్ళ నొప్పికీ జ్వరానికీ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కొని మింగకండి. అవి కిడ్నీలకి చేటు. పారాసిటమాల్‌తో సరిపెట్టుకోండి. జెంటామైసిన్ ఇంజెక్షన్ అన్నా, రంగుమందు వేసి తీసే సీటీ స్కాన్ అన్నా ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారా అని అడగండి.

పిల్లిని వదిలేయాలా? అమ్మాయి ఏడుస్తోంది.

వదలక్కర్లేదు. రక్తపరీక్షలు, యాంటీబయాటిక్స్ కూడా ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అవసరం లేదు. చేయాల్సింది ఫ్లీల పని పట్టడం. ఒక తెల్లకాగితం తడిపి కింద పరిచి, సన్నపళ్ళ దువ్వెనతో తోక మొదట్లో, మెడ చుట్టూ దువ్వండి. మిరియాల పొడిలాంటి నల్ల నలకలు కాగితం మీద రాలి, తడికి ఎర్రగా కరిగి పాకితే అది ఫ్లీ మలమే. ఆ ఎరుపు ఫ్లీ తాగిన పిల్లి రక్తం. అప్పుడు పశువైద్యుడిని అడిగి పిల్లి వయసుకి తగ్గ మందు వేయించండి. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ పొడి పిల్లికి ఎప్పుడూ వేయకూడదు, దాంతో పిల్లులు చనిపోతాయి. పిల్లి పడుకునే గుడ్డలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. గోళ్ళ కొనలు కత్తిరించవచ్చు. చేతినే ఆటబొమ్మ చేసి కూనతో ఆడొద్దు, తాడుకి గుడ్డముక్క కట్టి ఆడించండి.

ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళకి అంటుకుంటుందా? కాలేజీకి పంపొచ్చా?

మనిషి నుంచి మనిషికి అంటదు. ఓపిక ఉంటే కాలేజీకి వెళ్ళొచ్చు, అందరితో కలిసి భోంచేయొచ్చు. ప్లీహం వాచి ఉంటే మాత్రం కబడ్డీ, బైక్ మీద దూరప్రయాణాలు డాక్టర్ చెప్పేదాకా వద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం చెప్పాలి?

ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. పిల్లి ఇంటిదా వీధిదా, వయసెంత, ఎప్పుడు రక్కింది, శరీరంలో ఏ చోట. పొక్కు ఏ రోజు వచ్చింది, బిళ్ళ ఏ రోజు తగిలింది, జ్వరం ఏ రోజు మొదలైంది. ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు కూడా తీసుకెళ్ళండి. రక్కిన గుర్తు ఇంకా ఉంటే చూపించండి, మానిపోతుంటే ఫోన్లో ఫోటో తీసి ఉంచండి. హాస్టల్లో ఉండే పిల్లల్ని విడిగా అడగండి. వార్డెన్ తిడతారని పిల్లిని పెంచుతున్న సంగతి దాచిపెడతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఓపీ రద్దీలో డాక్టర్‌కి దొరికేది కొద్ది నిమిషాలే, ఆ కాగితం ముందు పెడితే చాలా పని జరుగుతుంది.

ఒకసారి వచ్చి తగ్గాక మళ్ళీ వస్తుందా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రెండోసారి రావడం చాలా అరుదు. నరం వాపు వచ్చిన కంటిని మాత్రం చూపు తిరిగొచ్చాక కూడా డాక్టర్ చెప్పిన తేదీలకి చూపించుకోవాలి.